పర్సు చూడని తీర్పు: ఎన్‌హెచ్‌ఎల్‌లో జీతాల ఆర్బిట్రేషన్, జట్టు ఎంపిక

2010 జూన్‌లో షికాగో బ్లాక్‌హాక్స్ జట్టు నార్త్ అమెరికా ఐస్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది. 1961 తర్వాత ఆ ఊరికి కప్పు రావడం అదే మొదలు. ఆ ప్లేఆఫ్స్‌లో గెలిచిన 16 మ్యాచ్‌ల్లోనూ గోల్ ముందు నిలబడిన గోలీ ఆంటీ నియేమి, ఫిన్లాండ్ ఆటగాడు. కుర్ర ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అతన్ని ఏ జట్టూ తీసుకోలేదు. కుర్రతనంలో సొంత దేశంలో రింక్ మీద మంచును చదును చేసే జాంబోనీ బండి నడిపినవాడు. అలాంటివాడు కప్పు ఎత్తి రెండు నెలలు తిరగకముందే, ఆగస్టు 2న, అదే జట్టు అతన్ని వదులుకుంది.

గాయం లేదు, గొడవ లేదు, ఆట తగ్గలేదు. జీతం బేరం కుదరనప్పుడు మధ్యవర్తిగా అంకె తేల్చే ఆర్బిట్రేటర్ అతనికి ఏడాదికి 27.5 లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పాడు. నియమాల ప్రకారం ఆ తీర్పును కాదనే హక్కు జట్టుకు ఉంది, కాదంది. అదే రోజు మార్టీ టుర్కో అనే సీనియర్ గోలీని 13 లక్షలకు తెచ్చుకుంది. నియేమి నెల రోజులు ఖాళీగా ఉండి, సెప్టెంబరు మొదట్లో శాన్ హోసే షార్క్స్‌లో 20 లక్షలకు చేరాడు.

ఒకే ఆటగాడు, ఒకే వేసవి. ఆర్బిట్రేటర్ లెక్కలో 27.5 లక్షలు, బజారు లెక్కలో 20 లక్షలు, షికాగో జట్టుకైతే ఆ రెండూ కాదు. ఈ మూడు ధరలు ఎందుకు వేరయ్యాయో తెలిస్తే నార్త్ అమెరికా ఐస్ హాకీ లీగ్‌లో జట్లు ఎలా తయారవుతాయో చాలావరకు తెలిసినట్టే. (ఇక్కడ హాకీ అంటే మనం ఎరిగిన మైదానపు హాకీ కాదు, మంచు మీద స్కేట్లు కట్టుకుని ఆడేది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉండే తెలుగువాళ్లకు డల్లాస్ స్టార్స్ ప్రాక్టీస్ రింక్ ఊళ్లోనే ఉంది కాబట్టి ఈ ఆట కొత్తది కాకపోవచ్చు.)

ముందు పర్సు సంగతి. 2004-05 సీజన్ ఎన్‌హెచ్‌ఎల్‌లో జరగనే లేదు. జీతాలకు పరిమితి ఉండాలని యజమానులు, కుదరదని ఆటగాళ్ల సంఘం పట్టుబట్టడంతో ఏడాది ఏడాదంతా తుడిచిపెట్టుకుపోయింది. నార్త్ అమెరికాలో పెద్ద లీగ్ ఒకటి కార్మిక వివాదం వల్ల మొత్తం సీజన్ పోగొట్టుకోవడం అదే మొదటిసారి. చివరికి ఆటగాళ్లే దిగొచ్చారు. ఉన్న కాంట్రాక్టులన్నీ 24 శాతం కోత పడ్డాయి. 2005-06 నుంచి సాలరీ క్యాప్, అంటే జట్టు మొత్తం జీతాలకు పరిమితి, వచ్చింది. మొదటి ఏడాది ఒక్కో జట్టుకు 3.9 కోట్ల డాలర్లు. ఆదాయంలో ఆటగాళ్ల వాటా ఇప్పుడు సగం. ఆదాయం పెరిగితే క్యాప్ పెరుగుతుంది. 2010-11లో అది 5.94 కోట్లు, 2019-20లో 8.15 కోట్లు. కరోనా తర్వాత మరో రెండేళ్లు అక్కడే ఆగిపోయి, 2025-26కి 9.55 కోట్లకు చేరింది.

ఇది గట్టి క్యాప్. అమెరికా బాస్కెట్‌బాల్‌లోలా పన్ను కట్టి దాటే దారి లేదు. ఆటగాడి కాంట్రాక్టు మొత్తాన్ని ఏళ్లతో భాగిస్తే వచ్చేది అతని క్యాప్ హిట్. ఏ ఏడాది చేతికి ఎంత వచ్చినా పద్దులో రాసేది ఆ సగటే. వేసవిలో 10 శాతం దాకా దాటొచ్చు. అక్టోబరులో సీజన్ మొదలయ్యేసరికి మాత్రం గరిష్ఠంగా 23 మంది జాబితా పరిమితి లోపల ఇమిడిపోవాలి. అంటే జులై, ఆగస్టుల్లో జనరల్ మేనేజర్ చేసే ప్రతి సంతకమూ అక్టోబరులో ఇంకొకరి చోటును తినేస్తుంది.

2010 వేసవిలో షికాగో పద్దు చూడండి. జొనాథన్ టేవ్స్, ప్యాట్రిక్ కేన్ ఒక్కొక్కరు 63 లక్షలు. బ్రయన్ క్యాంప్‌బెల్ 71 లక్షలు. డంకన్ కీత్ 55 లక్షలు, మారియన్ హోసా 52 లక్షలు. ఈ అయిదుగురే మూడు కోట్లు దాటారు, క్యాప్‌లో సగానికి పైగా వాళ్లదే. గోలీ క్రిస్టోబాల్ హువే 56 లక్షలు తీసుకుంటూ బెంచీ మీద ఉన్నాడు. ముందు ఏడాది ఆటగాళ్లకు చెల్లించిన బోనస్‌లు పరిమితి దాటడంతో దాదాపు 40 లక్షలు ఈ ఏటి పద్దులోకి వచ్చి పడ్డాయి. 2009 వేసవిలో కాగితాల పొరపాటు ఒకటి జరిగింది: హక్కులు నిలుపుకోవడానికి కుర్ర ఆటగాళ్లకు పంపాల్సిన ఆఫర్లు గడువులోగా సరిగా అందలేదని ఆటగాళ్ల సంఘం ఫిర్యాదు చేసింది. వాళ్లను ఎక్కడ పోగొట్టుకుంటామోనన్న టెన్షన్‌లో జట్టు హడావిడిగా సంతకాలు పెట్టింది. క్రిస్ వర్స్టీగ్‌కు, కామ్ బార్కర్‌కు మూడేళ్లకు చెరో 92.5 లక్షలు. కొద్ది రోజులకే జనరల్ మేనేజర్ డేల్ టాలన్ పదవి పోయింది.

కాబట్టి కప్పు గెలిచిన జట్టు ఆ వేసవిలోనే చెల్లాచెదురైంది. డస్టిన్ బఫ్లిన్, ఆండ్రూ లాడ్, బెన్ ఈగర్, బ్రెంట్ సోపెల్ అట్లాంటాకు వెళ్లారు. వర్స్టీగ్ టొరంటోకు వెళ్లాడు. అప్పుడే శాన్ హోసే జట్టు నిక్లస్ యాల్మర్సన్ అనే డిఫెన్స్‌మన్‌కు నాలుగేళ్లకు 1.4 కోట్లతో ఆఫర్ షీట్ పంపింది. ఆఫర్ షీట్ అంటే పక్క జట్టు ఆటగాడికి ధర చెప్పి, పాత జట్టును ఇరకాటంలో పెట్టడం. పాత జట్టు అంతే ఇస్తే అతన్ని ఉంచుకుంటుంది, లేకపోతే డ్రాఫ్ట్ అవకాశాలు పరిహారంగా తీసుకుని వదులుకుంటుంది. షికాగో అంత మొత్తమూ ఇచ్చి యాల్మర్సన్‌ను ఉంచుకుంది. ఏడాదికి 35 లక్షలు అక్కడ పోయాయి. నియేమికి మిగిలింది చాలా తక్కువ. చివరికి నియేమిని తీసుకున్నదీ శాన్ హోసేనే. ఒక ఆటగాడి ధర పెంచి, ఆ పెంపు వల్ల జారిన ఇంకో ఆటగాణ్ని తక్కువకు పట్టుకుంది.

ఇదంతా ఆర్బిట్రేటర్‌కు తెలియదు. ఇంకా సరిగా చెప్పాలంటే, ఆయన ముందు ఈ మాట ఎత్తకూడదు.

ఎన్‌హెచ్‌ఎల్‌లో కుర్ర ఆటగాడు తొలి కాంట్రాక్టు ముగిసినా వెంటనే స్వేచ్ఛగా వేరే జట్టుకు పోలేడు. సాధారణంగా 27 ఏళ్లు నిండాలి, లేదా లీగ్‌లో ఏడు సీజన్లు పూర్తికావాలి. అప్పటిదాకా అతని హక్కులు పాత జట్టువే. బేరం కుదరకపోతే అతనికున్న ఆయుధం ఆర్బిట్రేషన్. అదీ అందరికీ కాదు. 18 నుంచి 20 ఏళ్ల మధ్య తొలి సంతకం చేసినవాడికి నాలుగేళ్ల అనుభవం ఉండాలి. ఆలస్యంగా వచ్చినవాడికి అంతకంటే తక్కువ చాలు. జులై మొదట్లో దరఖాస్తు పెడితే నెలాఖరులోనో ఆగస్టు మొదట్లోనో విచారణ. వినేవాళ్లు లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి ఎంచుకున్న వృత్తి ఆర్బిట్రేటర్లు. రెండు పక్షాలూ ముందే లిఖితంగా తమ అంకె, వాదన ఇస్తాయి. విచారణ ముగిసిన 48 గంటల్లో తీర్పు.

ఏం చెప్పొచ్చు? గణాంకాలు, ఆడిన మ్యాచ్‌లు, గాయాలు, ఎన్నేళ్లుగా ఉన్నాడు, జట్టు గెలుపోటముల్లో అతని పాత్ర, నాయకత్వం, జనాదరణ. అన్నిటికంటే ముఖ్యం పోలిక. ఇతనిలాంటి వయసు, అనుభవం, అంకెలు ఉన్నవాళ్లు ఎంతకు సంతకం చేశారన్నది. ఏం చెప్పకూడదు? జట్టు ఆర్థిక స్థితి చెప్పకూడదు. క్యాప్‌లో ఎంత మిగిలిందో చెప్పకూడదు. ఇంతకుముందు బేరంలో ఎవరెంత అన్నారో, తీర్పును కాదనే హక్కు జట్టుకు ఉందో లేదో కూడా రాకూడదు. పత్రికల రాతలు, వీడియోలు పనికిరావు. స్వేచ్ఛ వచ్చాక బహిరంగ బజారులో సంతకం చేసిన సీనియర్ల కాంట్రాక్టులూ పోలికకు పనికిరావు.

అందుకే నియేమి ధర రెండు చోట్ల రెండు రకాలైంది. ఆర్బిట్రేటర్ తన ముందున్న పోలికల్ని బట్టి, అంటే నియేమిలాగే హక్కులు జట్టు చేతిలో ఉన్న గోలీలు పొందినదాన్ని బట్టి కొలిచాడు. ఆగస్టులో బజారు మాత్రం మిగిలిన పర్సుల్ని బట్టి కొలుస్తుంది. జులై 1న ఫ్రీ ఏజెంట్ల, అంటే ఏ జట్టుకైనా పోగల ఆటగాళ్ల, సందడి మొదలై వారం తిరిగేసరికి చాలా జట్ల డబ్బు అయిపోతుంది, గోలీ చోట్లు నిండిపోతాయి. గోలీలకు ఇది మరీ కష్టం. జట్టులో ఫార్వర్డ్‌లు పన్నెండు మంది ఆడతారు, గోలీలు ఇద్దరు. ఆ ఇద్దరిలోనూ రోజూ ఆడేది ఒక్కడు. అదే వేసవిలో అట్లాంటా జట్టు క్లార్క్ మెకార్థర్ అనే ఫార్వర్డ్‌కు వచ్చిన 24 లక్షల తీర్పును కాదంటే, అతను టొరంటోలో 11 లక్షలకు చేరాల్సి వచ్చింది. తీర్పు గెలవడం వేరు, ఆ డబ్బు అందడం వేరు.

ఐపీఎల్ వేలం చూసేవాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది. 2025 సీజన్ మెగా వేలానికి ఒక్కో ఫ్రాంచైజీకి 120 కోట్ల రూపాయల పర్సు. ఎవరి దగ్గర ఎంత మిగిలిందో తెర మీదే కనిపిస్తుంది. పర్సు అడుగంటిన జట్టు చెయ్యి ఎత్తదు, ధర అక్కడ ఆగుతుంది. అక్కడ ధరా పర్సూ ఒకే గదిలో, ఒకే నిమిషంలో కలుస్తాయి. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక గది ధర చెబుతుంది, ఇంకో గది పర్సు విప్పుతుంది. మధ్య తలుపు నియమం పెట్టి మూసేశారు.

ఆ తలుపు మూసి ఉంచడం తప్పని చాలామంది అంటారు. అది సరికాదు. క్యాప్ ఖాళీ లేదన్న వాదనను గదిలోకి రానిస్తే, ఎవరికో అతిగా ఇచ్చి పర్సు పాడుచేసుకున్న జట్టు ఆ నష్టాన్ని 24 ఏళ్ల కుర్రాడి జీతంలోంచి రాబట్టుకుంటుంది. హోసాకు పన్నెండేళ్ల కాంట్రాక్టు రాసింది నియేమి కాదు. 2009లో కాగితాలు ఆలస్యం చేసిందీ అతను కాదు. జట్టు కట్టుకోలేకపోతే వదులుకోవాలి, అంతేగానీ ఆటను తక్కువ చేసి చూపకూడదు. కాదనే హక్కు జట్టుకు ఇచ్చిందీ అందుకే. ఆ హక్కుకూ హద్దుంది: ఆటగాడు కోరిన విచారణ అయ్యుండాలి, తీర్పు ఒక కనీస మొత్తం దాటాలి. 2013 ఒప్పందంలో ఆ మొత్తం 35 లక్షలు. సగటు జీతంతోపాటు అదీ పెరుగుతూ వస్తోంది.

అసలు నష్టం వేరే చోట ఉంది. ఆ గదిలో జట్టు తన సొంత ఆటగాడి ముందు కూర్చుని, అతను ఎందుకు తక్కువో వరుసగా చెప్పాలి. 1997లో న్యూయార్క్ ఐలాండర్స్ గోలీ టామీ సాలో విచారణ నుంచి కన్నీళ్లతో బయటికి వచ్చాడన్న సంగతి హాకీ జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండేళ్లు తిరక్కుండానే అతను ఆ జట్టులో లేడు.

2023లో బాస్టన్ బ్రూయిన్స్ గోలీ జెరెమీ స్వేమన్ కేసు ఇంకా స్పష్టం. 2022-23లో బాస్టన్ 65 విజయాలు, 135 పాయింట్లతో లీగ్ చరిత్రలోనే రికార్డు సృష్టించింది. లైనస్ ఉల్మార్క్, స్వేమన్ గోలీ బాధ్యత పంచుకున్నారు. తక్కువ గోల్స్ ఇచ్చిన జట్టు గోలీలకు ఇచ్చే జెన్నింగ్స్ ట్రోఫీ ఇద్దరికీ వచ్చింది. ఆ తర్వాత తొలి రౌండ్‌లోనే ఫ్లోరిడా చేతిలో జట్టు ఓడింది. సీనియర్లు ప్యాట్రిస్ బెర్జెరాన్, డేవిడ్ క్రేచీ తక్కువ జీతం, ఎక్కువ బోనస్ పద్ధతిలో ఆడినందువల్ల సుమారు 45 లక్షలు తర్వాతి ఏటి క్యాప్ మీద పడ్డాయి. టేలర్ హాల్‌ను షికాగోకు పంపి చోటు చేసుకున్నారు. ఇలాంటి స్థితిలో స్వేమన్ 48 లక్షలు అడిగాడు. బాస్టన్ 20 లక్షలు అంది. తీర్పు ఏడాదికి 34.75 లక్షలు.

ఆ రెండు అంకెల సరిగ్గా మధ్య 34 లక్షలు. చాలా తీర్పులు ఇలాగే నడుమ దగ్గర పడతాయి. అమెరికా బేస్‌బాల్‌లో ఆర్బిట్రేటర్లు రెండు అంకెల్లో ఒకదాన్నే ఎంచుకోవాలి. అందుకని అతిగా అడిగేవాడికి భయం ఉంటుంది. హాకీలో ఆ భయం లేదు. నడుమకే వస్తుందని తెలిసినప్పుడు ఆటగాడు పైకి లాగుతాడు, జట్టు కిందికి లాగుతుంది. ఆ 20 లక్షల అంకె జట్టు మనసులోని విలువ కాకపోవచ్చు, నడుమను కిందికి జరపడానికి వేసిన ఎత్తు కావచ్చు. కానీ దాన్ని సమర్థించాలంటే కారణాలు చెప్పాలి. ఆ కారణాలు వినేది అదే గోలీ. ఆ అనుభవం మళ్లీ వద్దని, తోటివాళ్లెవరికీ రాకూడదని స్వేమన్ తర్వాత బహిరంగంగానే అన్నాడు.

2024 వేసవిలో అతను ఆర్బిట్రేషన్‌కు దరఖాస్తు చేయలేదు. చేసి ఉంటే ఆగస్టుకల్లా ఏదో ఒక అంకె తేలిపోయేది, జట్టుకు కొంచెం నిశ్చింత. ఈలోగా జట్టు ఉల్మార్క్‌ను ఒట్టావాకు పంపేసింది. ఇంకో నమ్మకమైన గోలీ లేడు. శిక్షణ శిబిరం మొదలైనా స్వేమన్ రాలేదు. సీజన్ తొలి మ్యాచ్‌కు రెండు రోజుల ముందు, అక్టోబరు 6న, ఎనిమిదేళ్లకు 6.6 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదిరింది. ఏడాదికి 82.5 లక్షలు. 2023లో గదిలో మిగిల్చుకున్న 13 లక్షలకు బాస్టన్ ఎంత మూల్యం చెల్లించిందో ఎవరూ కచ్చితంగా లెక్క కట్టలేరు. కానీ ఆ శరదృతువులో బేరం పట్టు ఆటగాడి చేతిలో ఉండటానికి ముందు ఏడాది గది ఒక కారణమన్నది కాదనలేం.

జట్టే ఆటగాణ్ని ఆర్బిట్రేషన్‌కు తీసుకెళ్లే దారి కూడా ఉంది. ఇది వినడానికి దూకుడుగా ఉన్నా నిజానికి కంచె. జట్టు అలా పిలిస్తే ఆ వేసవి ఇతర జట్లు ఆఫర్ షీట్ పంపలేవు. 2011లో నాష్‌విల్ తన కెప్టెన్ షే వెబర్ విషయంలో ఇదే చేసింది. జట్టు 47.5 లక్షలు అంది, వెబర్ 85 లక్షలు అడిగాడు. తీర్పు ఏడాదికి 75 లక్షలు, ఆర్బిట్రేషన్ చరిత్రలో అంతకుముందు ఎన్నడూ లేనంత. నడుమ 66 లక్షలు కదా, ఇక్కడ తీర్పు పైకి పోయింది. జట్టు అంకె మరీ కిందికి పోతే దానికి విలువ లేకుండా పోతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

అయితే ఒక ఆటగాణ్ని జట్టు ఇలా పిలవగలిగేది కెరీర్‌లో ఒక్కసారే. 2012 వేసవికి కంచె లేదు. వెబర్ పక్కన ఆడే ర్యాన్ సూటర్ జులైలో మినిసోటాకు వెళ్లిపోయాడు, పదమూడేళ్లకు 9.8 కోట్లు. రెండు వారాలకే ఫిలడెల్ఫియా వెబర్‌కు పద్నాలుగేళ్లకు 11 కోట్లతో ఆఫర్ షీట్ పంపింది. చాలా భాగం తొలి ఏళ్లలోనే బోనస్‌గా కట్టాలి, చిన్న మార్కెట్ జట్టు తట్టుకోలేదని లెక్క. నాష్‌విల్ గడువు చివర్లో ఆ మొత్తం ఇస్తానని ఒప్పుకుంది. 2011లో ఒక్క ఏడాది కోసం పోరాడి గెలుచుకున్న ప్రశాంతత 2012లో పద్నాలుగేళ్ల బరువైంది.

మాంట్రియల్‌లో పి.కె. సుబాన్ కథ ఇంకోలా నడిచింది. 2012-13లో రెండేళ్లకు 57.5 లక్షల చిన్న కాంట్రాక్టుతో సరిపెట్టారు. ఆ తొలి ఏడాదే అతను మేటి డిఫెన్స్‌మన్‌కు ఇచ్చే నారిస్ ట్రోఫీ గెలిచాడు. 2014 ఆగస్టు 1న విచారణ జరిగింది. అతను 85 లక్షలు, జట్టు 52.5 లక్షలు. వాదనలు ముగిశాయి, తీర్పు రావాలి. మర్నాడు తీర్పు రాకముందే ఎనిమిదేళ్లకు 7.2 కోట్ల ఒప్పందం కుదిరింది. ఇప్పుడైతే అది కుదరదు. 2020లో మార్చిన నియమం ప్రకారం విచారణ మొదలైతే ఇక బేరానికి వీల్లేదు. అందుకే చాలా కేసులు గది గుమ్మం దగ్గర, ముందురోజు రాత్రో ఆ పొద్దుటో ముగుస్తాయి. దరఖాస్తులు ఏటా బోలెడు, తీర్పు దాకా వెళ్లేవి వేళ్ల మీద లెక్క. ఆ గదికి అసలు శక్తి తీర్పుల్లో కంటే అది ఇచ్చే గడువులో ఉంది.

పాత తప్పులు కొత్త ఆటగాళ్లను ఎలా తరిమేస్తాయో చూడాలంటే మినిసోటా చూడాలి. 2012లో సూటర్‌తోపాటు అదే రోజు, అదే మొత్తానికి జాక్ పరీజేను కూడా తెచ్చుకుంది. 2021లో ఇద్దరి కాంట్రాక్టులూ రద్దు చేసింది. రద్దు చేసినా క్యాప్ పద్దులో గుర్తు పోదు. 2022-23లో 1.27 కోట్లు, ఆ తర్వాత రెండేళ్లు ఏడాదికి 1.47 కోట్లు, జట్టులో లేని ఇద్దరి పేర రాసుకోవాల్సి వచ్చింది. ఈలోగా కెవిన్ ఫియాలా అనే ఫార్వర్డ్ 2021లో ఆర్బిట్రేషన్‌కు వెళ్తూ ఏడాదికి 51 లక్షలకు రాజీపడి, ఆ సీజన్‌లో 85 పాయింట్లు (గోల్స్, గోల్‌కు అందించిన పాస్‌లు కలిపి) చేశాడు. మళ్లీ ఆర్బిట్రేషన్ హక్కు ఉంది. ఈసారి అంకె ఎక్కడికి పోతుందో జట్టుకు తెలుసు, కట్టే చోటు లేదనీ తెలుసు. గదిలో ఆ మాట చెప్పుకునే వీలూ లేదు. 2022 జూన్‌లో అతన్ని లాస్ ఏంజెలెస్‌కు ఇచ్చేసి, బ్రాక్ ఫేబర్ అనే కుర్ర డిఫెన్స్‌మన్‌నీ ఒక తొలి రౌండ్ డ్రాఫ్ట్ అవకాశాన్నీ తీసుకుంది. ఫేబర్ ఇప్పుడు ఆ జట్టుకు మూలస్తంభం. జరగని విచారణ ఒకటి రెండు జట్ల రూపురేఖలు మార్చింది.

ఇంతకంటే నిశ్శబ్దంగా జరిగేది ఇంకొకటి ఉంది. హక్కులు నిలుపుకోవాలంటే జట్టు వేసవి మొదట్లో ఆటగాడికి కనీస ఆఫర్ ఇవ్వాలి. ఇస్తే అతను ఆర్బిట్రేషన్‌కు వెళ్లి ఇంకా ఎక్కువ తెచ్చుకోవచ్చు. ఆ రిస్క్ వద్దనుకుంటే జట్టు అసలు ఆఫరే ఇవ్వదు. గడువు దాటితే అతను ఫ్రీ ఏజెంట్, ఊరికే పోతాడు. నాలుగో వరుస ఆటగాళ్లకే కాదు, మంచివాళ్లకూ ఇది తప్పదు. షికాగో 2022లో డిలన్ స్ట్రోమ్‌ను ఇలా వదిలింది. వాషింగ్టన్ అతన్ని 35 లక్షలకు తీసుకుంది. 2024-25లో అతను 82 పాయింట్లతో ఆ జట్టులో అందరికంటే ముందున్నాడు. ఆర్బిట్రేషన్ భయంతో చేసే ఎంపికల్లో ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. విచారణ జరగదు, వార్త రాదు, ఆటగాడు మాత్రం పోతాడు.

క్యాప్‌లో చోటు చేసుకునే మిగతా దారులు అందరికీ తెలిసినవే. వేవర్స్‌లో పెట్టి, అంటే కావాలంటే తీసుకోండని ముందు మిగతా జట్లకు వదిలి, ఎవరూ తీసుకోకపోతే కింది లీగ్‌కు పంపొచ్చు. కానీ ఈమధ్య దాకా 11.5 లక్షలు మాత్రమే పద్దులోంచి తగ్గేవి, మిగతాది అలాగే ఉండేది. దీర్ఘకాల గాయాల జాబితాలో పెట్టి అంత మేరకు దాటొచ్చు. 2021లో టాంపా బే జట్టు నికితా కుచెరోవ్‌ను సర్జరీ వల్ల సీజన్ మొత్తం పక్కన పెట్టి, క్యాప్ లెక్క వర్తించని ప్లేఆఫ్స్‌లో దింపింది. అతను 32 పాయింట్లతో అందరికంటే ముందు నిలిచాడు, కప్పు టాంపాకే వచ్చింది. నియమం ప్రకారం అందులో తప్పు లేదు. కానీ అందరికీ ఒకే పర్సు అన్న మాటకు అది గండి. ఆ గండి పూడ్చడానికి 2025-26 నుంచి ప్లేఆఫ్స్‌లోనూ బరిలో దిగే జట్టు క్యాప్ లోపలే ఉండాలన్నారు. ఆలస్యమైనా మంచి మార్పు.

పర్సు కూడా వదులవుతోంది. 2026-27కి 10.4 కోట్లు, ఆ మరుసటి ఏడాదికి 11.35 కోట్లు అని లీగ్, ఆటగాళ్ల సంఘం 2025 జనవరిలోనే ముందుగా చెప్పేశాయి. చోటు ఉన్నప్పుడు జట్లు గది దాకా పోకుండానే పొడవైన కాంట్రాక్టులు రాసుకుంటాయి. పర్సు మళ్లీ బిగుసుకున్నప్పుడు గది తలుపు మళ్లీ తెరుచుకుంటుంది.

2023 వేసవిలో తీర్పు దాకా వెళ్లిన కొద్దిమందిలో స్వేమన్‌తోపాటు ఇంకో గోలీ ఉన్నాడు, టొరంటో మేపుల్ లీఫ్స్ ఆటగాడు ఇల్యా సామ్సోనోవ్. 2022లో వాషింగ్టన్ అతనికి ఆఫర్ ఇవ్వకుండా వదిలేస్తే టొరంటో 18 లక్షలకు తీసుకుంది. మంచి సీజన్ ఆడాక అతను 49 లక్షలు అడిగాడు, జట్టు 24 లక్షలు అంది, తీర్పు 35.5 లక్షలు. ఆ సీజన్ అతనికి కలిసిరాలేదు. డిసెంబరు 31న టొరంటో అతన్ని వేవర్స్‌లో పెట్టింది. మిగతా 31 జట్లలో ఏదైనా ఆ 35.5 లక్షల కాంట్రాక్టుతో అతన్ని ఊరికే తీసుకోవచ్చు. ఒక్కటీ ముందుకు రాలేదు. ఆర్బిట్రేటర్ కొలిచింది గడిచిన సీజన్‌ని, జట్లు చూసింది మిగిలిన సీజన్‌ని, మిగిలిన క్యాప్‌ని. సామ్సోనోవ్ జారిపోలేదు, కొన్ని వారాలకు తిరిగొచ్చి మళ్లీ చోటు సంపాదించాడు.

2024 మే 4న బాస్టన్‌లో తొలి రౌండ్ ఏడో మ్యాచ్. టొరంటో మరో గోలీ జోసఫ్ వోల్ గాయపడ్డాడు, గోల్ ముందుకు సామ్సోనోవ్ వచ్చాడు. అవతల స్వేమన్. ముందు వేసవిలో అదే రకం గదుల్లో కూర్చుని, దాదాపు అదే ధరతో, ఒక్క ఏడాది కాంట్రాక్టుతో బయటికి వచ్చిన ఇద్దరు గోలీలు రింక్‌కు రెండు చివర్ల నిలబడ్డారు. మ్యాచ్ అదనపు సమయానికి వెళ్లింది. డేవిడ్ పాస్ట్రనాక్ గోల్‌తో బాస్టన్ గెలిచింది. జులైలో సామ్సోనోవ్ వేగస్‌తో ఏడాదికి 18 లక్షలకు సంతకం చేశాడు, రెండేళ్ల కింద టొరంటో ఇచ్చిన అదే అంకె. అక్టోబరులో స్వేమన్ తన 6.6 కోట్లకు సంతకం చేశాడు.